దివాణం దిగి వచ్చిన దివాన్

గోదావరి జిల్లాల్లో పాతతరం నోట ‘దివాణం’ అంటే జమీందారు గారి లోగిలి. లోగిలితో పాటు అందులోని రాజా, రాణివాసం, గుమాస్తాలు, లెక్కల పుస్తకాలు, గుర్రపుశాల, వంటశాల, వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ రైతులు, అన్నీ కలిస్తేనే దివాణం. ‘దివాణంలో పని చేశాడు’ అంటే ఊళ్లో ఆయనకో హోదా. ‘దివాణం నుంచి కబురొచ్చింది’ అంటే ఆ ఇంట్లో ఆ పూట అన్నం సయించదు. ఇప్పుడు అవే జిల్లాల్లో, నర్సరీల ఊరు కడియం వాళ్లు పెళ్లి సామాను కోసం వెళ్లే రాజమండ్రి ఫర్నిచర్ షాపులో ‘దివాన్ చూపించండి’ అంటే, ఒక పక్క ఎత్తు దన్ను ఉండి పరుపు వేసిన మంచం చూపిస్తారు. దివాన్ కాట్. చుట్టాలొస్తే కూర్చోవడానికి, మధ్యాహ్నం నడుం వాల్చడానికి.

ఈ రెండూ ఒకటే మాట. ఒకసారి అధికారంగా వచ్చి దివాణం అయింది. కొన్ని వందల ఏళ్ల తరవాత, ప్రపంచం చుట్టి, మంచంగా మళ్లీ వచ్చి దివాన్ అయింది. మొదటిసారి రాజు కూర్చున్నచోటికి పేరు పెట్టింది, రెండోసారి మనం కూర్చున్న చోటికి. ఆ మధ్యలో నడిచిన కథే మన జమీందారీ ఇళ్లలోని సామాను కథ.

మూలం పారశీకం. దీవాన్ అంటే మొదట చిట్టా, దస్తరం, రాసుకున్న కాగితాల కట్ట. 7వ శతాబ్దంలో ఖలీఫా ఉమర్ తన సైనికులకి ఎవరికెంత భత్యం ఇవ్వాలో రాయించిన పట్టికని దీవాన్ అన్నారు. చిట్టా పేరు చిట్టా రాసే గదికి వచ్చింది. గది పేరు ఆ గదిలో కొలువుదీరే సభకి వచ్చింది. సభకి పెద్దైన మంత్రినీ అదే పేరుతో పిలిచారు. కవులు తమ పద్యాలన్నీ ఒకచోట కూరిస్తే అదీ దీవానే. హాఫిజ్ దీవాన్ అలాంటిదే. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఒక పిట్టకథ కూడా చెప్పాడు. పారశీక చక్రవర్తి తన గుమాస్తాల గదిలోకి తొంగిచూస్తే, వాళ్లు తమలో తాము గొణుక్కుంటూ లెక్కలు వేసుకుంటున్నారట. ‘దీవానే!’ అన్నాడట చక్రవర్తి. పిచ్చివాళ్లు అని. మన సినిమా పాటల్లోని ‘దివానా’ ఇదే. ఇది వ్యుత్పత్తిగా నిలవదు, కానీ నెలాఖరు రోజుల్లో ఏ ఆఫీసులోకి తొంగిచూసినా కొట్టిపారేయబుద్ధి కాదు.

ఈ మాట మధ్యధరా సముద్రం దాటి ఫ్రాన్స్‌లో ‘దువాన్’ అయింది. అక్కడ దాని అర్థం సుంకాల ఆఫీసు. తుర్కీలో సుల్తాను మంత్రాంగం పేరే దివాన్. ఆ మంత్రాంగం జరిగే గదిలో గోడల వెంబడి పొడుగాటి మెత్తలు పరిచి ఉండేవి. యూరప్ నుంచి వచ్చిన వాళ్లకి అక్కడి రాజకీయం ఎంత తలకెక్కిందో గానీ, మెత్త మాత్రం బాగా నచ్చింది. ఇంటికెళ్లి అలాంటిదే చేయించుకుని దాన్ని దివాన్ అన్నారు. ఆ సుల్తానుల వంశం పేరునైతే ఇంకా కిందికి దించేశారు. ఆటమన్ అంటే వాళ్లకి ఇప్పుడు కాళ్లు చాపుకునే మెత్తపీట. మూడు ఖండాల్లో ఏలిన సామ్రాజ్యం పేరు చివరికి సోఫా ముందు పాదాల కింద చేరింది.

మన వైపు మాట నేరుగానే వచ్చింది. రాజమహేంద్రవరం గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వెళ్లాక జమీ, జమాబందీ, ఖజానా, కచేరీ, తహసీలు, దస్తావేజు వగైరా మాటల గుంపుతోపాటు ఇదీ దిగింది. తెలుగు నోరు దానికి రెండు మరమ్మతులు చేసింది. చివర ‘ం’ తగిలించింది, ‘న’ని ‘ణ’ చేసింది. ‘దుకాన్’ దుకాణం అయినట్టే దివాన్ దివాణం అయింది. మరమ్మతుతోపాటు పంపకం కూడా జరిగింది. మనిషికి దివాను, చోటుకి దివాణం. రాజమండ్రి పక్కన జాతీయ రహదారి మీదున్న దివాన్‌చెరువు పేరులో దివానుగారు నిలిచారు. హైదరాబాదులో సాలార్‌జంగులు నివసించిన దివాన్‌దేవిడీలోనూ ఆయనే. పల్లెటూరి మాటల్లో మాత్రం దివాను కన్నా దివాణమే ఎక్కువ కాలం బతికింది. పల్లెకి మంత్రితో పనేముంటుంది? పన్ను కట్టించుకునే చోటుతోనే పని.

1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ రాసిచ్చాడు. అంటే మిరియాలూ బట్టలూ అమ్ముకునే కంపెనీ ఆ రోజున దివాను అయింది. అదే రోజు మన ఉత్తర సర్కారుల మీద కూడా ఫర్మానా పుచ్చుకుంది. నిజాం గుర్రుమన్నాడు, మరుసటి ఏడు ఒప్పందం రాసుకుని సర్దుకున్నారు. 1802లో కంపెనీ మన జిల్లాల్లో శాశ్వత శిస్తు నిర్ణయం చేసింది. జమీందారు ఏటా ఇంత పేష్కషు కట్టాలి, కడితే భూమి ఆయనది, కట్టకపోతే వేలం. శాంతిభద్రతలు కంపెనీవి, సైన్యం కంపెనీది. జమీందారుకి మిగిలింది శిస్తు వసూలూ, పేరు ముందు రాజా అనే బిరుదూ, ఒక పెద్ద ఇల్లూ. మొగలుల నాటి రాజ్యాంగమంతటి మాట కుంచించుకుపోయి ఒక ఇంటి పేరుగా స్థిరపడింది. పిఠాపురం, కపిలేశ్వరపురం లాంటి చోట్ల మన పెద్దలు చూసిన దివాణం ఇదే.

ఖడ్గం ఒరలోంచి తీసే అవకాశం పోయిన రాజు దొరల ముందు తన రాజసం ఎలా చూపించాలి? సామానుతో చూపించాలి. గుర్రాలూ బంట్లూ ఉండాల్సిన చోటును నిలువుటద్దాలూ, గుత్తిదీపాలూ, గడియారాలూ, చేతులు చాచిన పడకకుర్చీలూ నింపాయి. అందుకే జమీందారీ హాల్లో ఏ వస్తువు పేరు తీసినా ఎక్కడో ఒక ఓడరేవు తగులుతుంది.

ముందు నేల మీదున్నవి చూడండి. చాప, పీట, రోలు, రోకలి. వీటికి పరాయి పేరు అక్కర్లేదు. నేల నుంచి జానెడు పైకి లేస్తే చాలు, పరభాష మొదలవుతుంది. కుర్చీ అరబ్బీ ‘కుర్సీ’. సోఫా కూడా అరబ్బీ ‘సుఫ్ఫా’ నుంచి, అంటే ఎత్తైన అరుగు నుంచి, యూరప్ మీదుగా వచ్చింది. మేజాబల్లలోని మేజా పారశీక ‘మేజ్’ అన్నా, పోర్చుగీసు ‘మేసా’ అన్నా అర్థం బల్లే. పరాయి మాట వినేవాడికి తెలియదేమోనని పక్కనే తెలుగు మాట తోడు ఇచ్చి పంపాం. అల్మారా పోర్చుగీసు ‘అర్మారియు’. దాని లాటిన్ మూలంలో ఆయుధాలు దాచే చోటు. బల్ల మీద పరిచే తువ్వాలు పోర్చుగీసు ‘తుఆల్య’. నేల తెలుగు, ఎత్తు పరాయి. సుఖం దృష్టిలో ఇది పెద్ద విషయం కాదు గానీ, మర్యాద దృష్టిలో చాలా పెద్దది. దొరగారి ముందు కుర్చీ వేస్తారా, నిలబెడతారా, చాప మీద కూర్చోబెడతారా అన్నదాన్నిబట్టే మనిషి విలువ తేలేది. ఉత్తరాదిన ‘కుర్సీనషీన్’ అని ప్రత్యేకంగా ఒక హోదాయే ఉండేది. అంటే కలెక్టరు సమక్షంలో కుర్చీ మీద కూర్చునే అర్హత ఉన్నవాడు. మన రాజకీయాల్లో ఇప్పటికీ కొట్లాట ‘కుర్చీ’ కోసమే అని రాస్తున్నామంటే ఆ వాసన ఇంకా పోలేదన్నమాట.

ఇక హాలు దాటి లోపలి గదిలోకి వెళితే, గోడ వారగా నిలబడి ఉంటుంది మన రెండో మాట: బీరువా.

అది ఫ్రెంచి ‘బ్యూరో’. యానాంలో 18వ శతాబ్దం నుంచి 1954 దాకా ఫ్రెంచివాళ్లున్నారు. ఇంజరంలో, బెండమూర్లంకలో, మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లున్నారు. ఇంగ్లీషువాళ్లూ ఆ మాటని ఫ్రెంచివాళ్ల దగ్గరే తెచ్చుకున్నారు కాబట్టి ఏ రేవులో దిగినా పుట్టిల్లు ఒకటే. ఫ్రెంచివాడు పెదవులు ముందుకి సున్నాలా చాచి ‘ఈ’ అంటే వచ్చే అచ్చు ఆ మాటలో మొదటిది. తెలుగులో ఆ అచ్చు లేదు. మనం పెదవులు సడలించి ‘బీ’ అన్నాం. చివర ‘ఓ’ దీర్ఘంతో ముగిసే పేర్లు మనకి అలవాటు లేదు. తమిళులు ‘బీరో’ అని ఉంచేశారు, కన్నడిగులు ‘బీరు’ అని కురచ చేశారు, మనం ‘రువా’ అని సాగదీసి కూర్చోబెట్టాం.

బ్యూరో పుట్టుక మరీ విచిత్రం. లాటిన్‌లో ‘బుర్రా’ అంటే ముతక ఉన్ని. దాన్నుంచి ఫ్రెంచిలో ముతక ఉన్నిగుడ్డకి ఒక పేరు వచ్చింది. లెక్కలు రాసుకునే బల్ల మీద ఆ గుడ్డ పరిచేవారు. గుడ్డ పేరు బల్లకి వచ్చింది, బల్ల పేరు గదికి వచ్చింది, గది పేరు అందులో జరిగే సర్కారు పనికి వచ్చింది. 18వ శతాబ్దంలో విన్సెంట్ ద గుర్నే అనే ఫ్రెంచి ఆర్థికవేత్త దానికి తోక తగిలించి ‘బ్యూరోక్రసీ’ అన్నాడని చెబుతారు. బల్లల రాజ్యం అని వెటకారం. ఇంతెత్తు ఎదిగిన మాటని తెలుగువాడు దించి, కాగితాలు పక్కనపెట్టి, అందులో పట్టుచీరలు పెట్టి తాళం వేశాడు.

నిజానికి ఆ ఫ్రెంచి బ్యూరో మన బీరువాలాంటిది కాదు. కింద సొరుగులు, పైన వాలుమూత ఉండే రాతబల్ల అది. మూత ముందుకి దించితే రాసుకునే పలక అవుతుంది, లోపల ఉత్తరాలకి చిన్న చిన్న అరలు. అలాంటివాటిని అచ్చంగా తయారుచేసిన చేతులు మన తీరంలోనే ఉన్నాయి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు టేకు మీద, నూకమాను మీద ఏనుగుదంతం పొదిగి, దంతం మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి, కుర్చీలూ పెట్టెలూ రాతబల్లలూ చేసేవారు. ఆకారం లండన్ వడ్రంగిది. అంచుల చుట్టూ పాకిన తీగా పువ్వూ మన అద్దకం బట్టల మీదివి. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. దొరలు వాటిని స్వదేశానికి పట్టుకుపోయారు. మనకి పేరొక్కటి మిగిలింది. ఆ పేరుని నిలువెత్తు చెక్క పెట్టెకి తొడిగాం.

ఆ నిలువెత్తులోనే ఉంది మార్పు. బీరువా రాకముందు మన ఇళ్లలో విలువైనవి దాచేది భోషాణంలో. పొడుగాటి చెక్కపెట్టె, ఇత్తడి కట్లు, పైకి తెరుచుకునే బరువైన మూత. దాన్ని తెరవాలంటే వంగాలి. పైన పరిచిన పక్క తీయాలి, ఎందుకంటే ఇంటి పెద్ద రాత్రి దాని మీదే పడుకుంటాడు. అడుగునున్న వెండిచెంబు కావాలంటే పైనున్న గుడ్డలన్నీ బయటికి రావాలి. ఏం తీశారో, ఎందుకు తీశారో ఇల్లంతటికీ తెలిసిపోతుంది. బీరువా అలా కాదు. నిలబడి తెరవొచ్చు, అరలు అరలుగా సర్దొచ్చు, ఒక అర మాత్రం తాళం వేసుకోవచ్చు. ‘నా బీరువా’ అనే మాట అప్పుడే పుట్టింది. ‘నా భోషాణం’ అని ఏ కోడలూ అని ఉండదు. ఉమ్మడి ఇంట్లో ఆడవాళ్లకి సొంత తాళంచెవి దొరికింది బీరువాతోనే. అల్మారాతో దీనికి తేడా కూడా మన వాళ్లు కచ్చితంగా పాటించారు. గోడలో కట్టేసింది అల్మారా, గోడకి ఆనుకుని నిలబడింది బీరువా. వేరు పడేటప్పుడు అల్మారా ఇంటితో ఉండిపోతుంది, బీరువా మనతో వస్తుంది.

ఇప్పుడు రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టండి. దివాన్ చిట్టాగా మొదలై, ఆఫీసై, కొలువై, చివరికి మెత్త అయింది. బ్యూరో గుడ్డగా మొదలై, బల్లై, ఆఫీసై, చివరికి ప్రభుత్వం అయింది. ఒకటి అధికారం నుంచి సామానులోకి దిగింది, ఇంకోటి సామాను నుంచి అధికారంలోకి ఎక్కింది. యూరప్ భాషలు దివాన్‌ని మంచంగానూ బ్యూరోని ఆఫీసుగానూ వాడుకున్నాయి. మన తెలుగు సరిగ్గా దీనికి తిరగేసి, దివాణాన్ని ఆఫీసుగానూ బీరువాని సామానుగానూ పెట్టుకుంది. ఎవరికి పరాయిది వాళ్లకి వస్తువుగా కనిపించింది. తుర్కీ అధికారం పారిస్‌వాడికి మెత్తగా కనిపించింది. పారిస్ అధికారం గోదావరి వాడికి పెట్టెగా కనిపించింది. దూరం నుంచి చూసేవాడికి ఏ రాజ్యమైనా ముందు దాని సామానే కంటపడుతుంది.

తరవాత ఆ రెండో అర్థాలు కూడా ఇంగ్లీషు మీదుగా మన గడపలోకి వచ్చేశాయి. దివాన్ కాట్ వచ్చింది, పత్రికలవాళ్ల బ్యూరో వచ్చింది. ఒక్కో మాట మన దగ్గర రెండేసి రూపాల్లో ఉంది. రెండో విడతలో వచ్చినప్పుడు మనం మరమ్మతు చేయలేదు. దివాన్‌కి ‘ం’ తగిలించలేదు, బ్యూరోకి ‘వా’ తగిలించలేదు. పూర్వం పరాయి మాట వస్తే తెలుగు చేసుకునేవాళ్లం; ఇప్పుడు వచ్చిన మాటని వచ్చినట్టే వాడి, అదే చదువనుకుంటున్నాం. ఏసీబీ దాడుల వార్తల్లో ఈ రెండు తరాలూ ఎదురుపడతాయి. ఆ పేరులోని చివరి ‘బీ’ బ్యూరో. వాళ్లు సోదాకి వచ్చి ముందు తెరిపించేది బీరువా. బ్యూరో వచ్చి బీరువా తాళం అడుగుతుంది. ఒకే తల్లి పిల్లలని ఇద్దరికీ తెలియదు.

దివాణంలో ఇంకొన్ని మాటలున్నాయి, గబగబా చూసి పోదాం. మేజువాణి: పారశీకంలో ‘మేజ్‌బాన్’ అంటే బల్ల దగ్గర అతిథిని ఆదరించేవాడు, ‘మేజ్‌బానీ’ ఆతిథ్యం. మన జమీందారీ పెళ్లిళ్లలో ఆ మాటకి అర్థం భోగం మేళం ఆటాపాటా. అతిథికి పెట్టిన విందులో ఆడమనిషి ఆట కూడా ఒక వడ్డన అని ఈ అర్థం మారిన తీరే చెబుతోంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు పోరాడింది ఆ వడ్డన మీదే. వేలం: పోర్చుగీసు ‘లైలావ్’. దీనికి మనం ‘పాట’ తోడు చేసి వేలంపాట అన్నాం. పేష్కషు కట్టలేని ఎస్టేట్లని కంపెనీ పాడించిన పాట అది. కమోడ్: ఫ్రెంచివాడికి రాణిగారి గదిలో సొరుగుల బల్ల, మనకి ఏమిటో అందరికీ తెలుసు. ఇటునుంచి అటు వెళ్లినవీ ఉన్నాయి. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు కొన్న సన్నని నూలుబట్టకి వాళ్లు ‘మాదపొలం’ అని పేరు పెట్టారు. ఆ పేరు యూరప్ బట్టల కొట్లలో ఈనాటికీ నడుస్తోంది. దివాణంలో వాళ్ల బీరువా, వాళ్ల బీరువాలో మన ఊరు.

వీటన్నిటినీ మన వ్యాకరణం ఎక్కడ పెట్టింది? 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుని నాలుగు వాటాలు చేశాడు: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. బీరువాకి ఇందులో తలుపు లేదు. దానికి నాలుగేళ్ల ముందే, 1854లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన మిశ్రమ, పరభాషా పదాలకి విడిగా ఒక నిఘంటువే అచ్చువేశాడు. కడపలోనూ రాజమండ్రిలోనూ ఉద్యోగం చేస్తూ జనం అర్జీలు విన్నవాడు కనుక ఆ మాటలు లేకపోతే ఆ జనం గోడు అర్థం కాదని అతనికి తెలుసు. అలా అని అతన్ని నెత్తినెక్కించుకోనక్కర్లేదు. అతనికది పరిపాలన అవసరం. కానీ తెలుగువాడి నోట నిజంగా ఏముందో విన్న చెవి అది. సూరి తెలుగు ఎలా ఉండాలో రాశాడు, బ్రౌన్ ఎలా ఉందో రాశాడు. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే మద్రాసులో.

తరవాత మన గోదావరి జిల్లాల దివాణమే నిఘంటువు వేయించింది. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యరావు గారి పోషణలో, జయంతి రామయ్య పంతులు గారి పూనికతో సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైంది. మొదటి సంపుటం 1936లో వచ్చింది. తెలుగులో అంత పెద్ద పని అంతకుముందు జరగలేదు. ఆ రుణం తీర్చలేనిది. అయితే రామయ్య పంతులు గ్రాంథికం పక్షాన నిలబడ్డవారు. గిడుగు రామమూర్తి గారి వాడుకభాష ఉద్యమానికి ఎదురునిలిచిన పెద్దల్లో ముఖ్యులు. సాహిత్యంలో తెలుగు స్వచ్ఛంగా ఉండాలని పట్టుబట్టిన ఆ కాలం దివాణాలు, తాము కూర్చున్న కుర్చీ నుంచి తాళం వేసిన బీరువా దాకా, ఆఖరికి తమ దివాణం అనే పేరు దాకా, అన్యదేశ్యాల మీదే కాపురం చేశాయి. ఇది వెక్కిరింపుగా అనడం లేదు. పద్యానికొక తెలుగు, ఇంటికొక తెలుగు అని రెండు పెట్టుకుంటే ఎవరికైనా ఇంతే.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. దివాణాలకి శిస్తు ఆగిపోయింది. రాజులు పోయారు, సామాను చెదిరిపోయింది, కొంత వేలంపాటలోనే. మాటలు మాత్రం గేటు దాటి ఊళ్లోకి వచ్చాయి. గోద్రెజ్ కంపెనీ 1923లోనే ఇనప బీరువాలు మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం తరవాత ఆ పేరే వస్తువు పేరైపోయి, ఎవరు చేసినా ‘గోద్రెజ్ బీరువా’ అనేశారు. ఒకప్పుడు రాణివాసంలో ఉన్నది ఇప్పుడు ఆడపిల్ల సారెలో అద్దంతో సహా ట్రాక్టరు ఎక్కి వెళుతుంది.

ఈ వలస ఎక్కడికి చేరిందో కడియంలో చూడొచ్చు. కడియపులంక రోడ్డు వెంట ఏ నర్సరీలోకి వెళ్లినా ముందు ఒక చిన్న ఆఫీసు గది ఉంటుంది. మూల ఒక ఇనప బీరువా. అందులో ఆర్డర్ పుస్తకాలు, వేబిల్లులు, లారీ కిరాయిల లెక్క, రెండు కట్టర్లు. దూరం నుంచి లోడు కోసం వచ్చిన వ్యాపారి కూర్చోవడానికో, లారీ నిండేదాకా కునుకు తీయడానికో ఒక దివాన్ కాట్. ఆ కాట్ పరుపు ఎత్తితే కింద చెక్కపెట్టె, అందులో పాత దుప్పట్లు, టార్పాలిను. మీద పడక, కింద సొత్తు. మన భోషాణమే ఇది. పారశీకం పేరు పెట్టుకుని ఇంగ్లండు మీదుగా తిరిగొచ్చింది. చిట్టా, ఆఫీసు, ఆసనం, దివాన్ అనే మాటకి వెయ్యేళ్లకి పైబడిన కాలంలో వచ్చిన అర్థాలన్నీ ఆ పదడుగుల గదిలో ఒకేసారి పనిచేస్తున్నాయి, ఒక్క మంత్రాంగం తప్ప. ధర దగ్గర బేరం మొదలైతే అదీ జరుగుతుంది.

బయట వరసగా కుండీల్లో క్రోటన్సు. జమీందారీ బంగళా పోర్టికో మెట్లకి రెండు వైపులా పెట్టే మొక్కలు ఇవే. కాగితంపూల తీగ పేరులో బూగన్‌విల్ అనే ఫ్రెంచి నౌకాధికారి ఉన్నాడు. ఆ పక్కన నున్నటి బూడిదరంగు మానుతో రాయల్ పామ్‌లు. వాటి ప్రజాతికి అమెరికా సైన్యంలోని రాయ్ స్టోన్ అనే ఇంజనీరు పేరు పెట్టారు. జాతి పేరు ‘రెజియా’, అంటే రాచది. దివాణాలు పోయిన ఈ నేల మీద రాచరికం ఇప్పుడు సంచిలో మట్టితో సహా అమ్ముడుపోతోంది. విల్లా గేటుకి అటూ ఇటూ నాటుకునేవాళ్లు కొంటున్నారు.

భాష కల్తీ అయిపోయిందని బాధపడేవాళ్లు ఇల్లంతా వెతికి పరాయి మాటలు తీసి బయట పడేస్తే, కూర్చోవడానికి పీటా చాపా మిగులుతాయి. అవి మంచివే, కానీ వాటితోపాటు ఎవరు ఎత్తున కూర్చున్నారో, ఎవరు నేల మీద కూర్చున్నారో అనే లెక్క కూడా చెరిగిపోతుంది. ఆ లెక్క చెరగనివ్వకూడదు. అలా అని వచ్చిన ప్రతిమాటకీ సలాము కొట్టి అచ్చంగా వాళ్లలాగే పలకడం గొప్పా కాదు. దివాన్‌ని దివాణం చేసినవాడు, బ్యూరోని బీరువా చేసినవాడు బళ్లో చదివి చేయలేదు. తన నోటికి ఎలా పలికితే అలా పలికాడు, తన ఇంట్లో ఏది ఎందుకు పనికొస్తే దానికి వాడాడు. పరాయి మాటని తెలుగు మాట చేసే హక్కు మన నోటికి ఉందని వాడు నమ్మాడు. మనం ఆ నమ్మకం పోగొట్టుకున్నాం. మాటలు ఎక్కువయ్యి కాదు, ఈ నమ్మకం తగ్గే తెలుగు పలచబడుతోంది.

మీ ఊళ్లో, మీ ఇంట్లో పాత సామానుకి పెద్దవాళ్లు ఏ పేర్లు పెట్టి పిలిచేవారో అడిగి రాసిపెట్టండి. వస్తువు అమ్మేసినా ఫర్వాలేదు, పేరు మాత్రం పారేయకండి.